ఓడ దగ్గరకు వెళ్ళొచ్చాక మీరడిగినవి

పోయిన నెల ఈ శీర్షికలో మా బరంపురం స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళ అడుగుకు దిగడం) క్లబ్ వాళ్ళం పదకొండు మందిమి ఒక్కరోజు ట్రిప్‌గా చింతపల్లి వెళ్ళొచ్చిన సంగతి రాశాను. పొద్దున మునిగిపోయిన ఓడ దగ్గర ఒక డైవ్, మధ్యాహ్నం లోపు రాళ్ళ దగ్గర ఇంకొకటి. ఇది మన్యంలో ఉన్న చింతపల్లి కాదు, విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో లైట్‌హౌస్ ఉన్న చింతపల్లి. దాని మీద బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, కోరాపుట్, గోపాలపురం నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపేసి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. ఈత రాదు, బీపీకి మాత్ర వేసుకుంటాను. మా అబ్బాయి డైవింగ్ నేర్చుకుంటున్నాడు, ‘అమ్మా, నువ్వూ రా’ అని ఒకటే గొడవ. ఈత రాకపోయినా దింపుతామని బోటు వాళ్ళు చెప్పారట. దిగొచ్చా? అసలు అంత భయపడి చూడాల్సింది అక్కడ ఏముంటుంది? – బరంపురం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఈత రాకపోయినా దింపుతారన్న మాట నిజమేనమ్మా, కానీ అది ఒక రకం డైవ్‌కే. మొదటిసారి రుచి చూపించడానికి చేయించే డైవ్‌లో ఇన్‌స్ట్రక్టర్ మీ పక్కనే, చెయ్యి అందేంత దూరంలో ఉండి తీసుకెళ్ళి తీసుకొస్తారు. అందులో 12 మీటర్లు దాటకూడదు. మీ అబ్బాయి చేస్తున్నది సర్టిఫికెట్ కోర్సు, దానికి 200 మీటర్లు ఈదాలి, ఏ సాయం లేకుండా 10 నిమిషాలు నీటి మీద తేలాలి. నా మాట వినేట్టయితే ముందు ఏదైనా ఈత కొలనులో నడుం లోతు నీళ్ళలో నిలబడి, మాస్క్ పెట్టుకుని, ముక్కుతో కాకుండా నోటితో గాలి పీల్చుకోవడం వారం రోజులు అలవాటు చేసుకోండి. మొదటిసారి దిగినవాళ్ళకు కంగారు లోతును చూసి రాదు, మొహం మీదకు నీళ్ళు రాగానే వస్తుంది.

బీపీ సంగతి మాత్రం దాచకండి. దిగే ముందు ఒక కాగితం ఇస్తారు, గుండె, ఊపిరితిత్తులు, ఆస్తమా, బీపీ, చెవి ఆపరేషన్లు, గర్భం, ఇలా వరసగా ప్రశ్నలుంటాయి, మనవాళ్ళు ఆ కాగితాన్ని బ్యాంకు ఫారంలా చూసి అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టేసి సంతకం చేసేస్తారు, ఎందుకంటే ఇంత దూరం వచ్చాక దిగనివ్వరేమోనని బెంగ. మీ డాక్టరుకు ఆ కాగితం ముందే చూపించి, ఆయన రాతపూర్వకంగా సరే అంటేనే వెళ్ళండి. వద్దంటే బోటెక్కి సముద్రం మీద కూర్చుని రండి, అదీ బాగానే ఉంటుంది. మొన్నటి ట్రిప్‌లో మాలో ఒకాయన రాత్రంతా వ్యానులో ప్రయాణం చేసి, పొద్దునకు జలుబు పట్టేస్తే, సగం గేర్ తొడుక్కున్నాక ‘నేనివాళ దిగనండీ’ అన్నాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ ఒక్క మాట అనకుండా ఉండే మనుషులతోనే సముద్రంలోకి వెళ్ళాలి, మీ అబ్బాయి క్లబ్‌లో అలాంటివాళ్ళు ఉన్నారో లేదో ముందు కనుక్కోండి.

ఇక ఏముంటుందంటారా. పైనుంచి చూస్తే ఏమీ ఉండదు, పచ్చటి నీళ్ళు, లంగరు తాడు. ఆ తాడు పట్టుకుని మెల్లగా దిగుతుంటే కాసేపు తాడూ, మీ చెయ్యీ తప్ప ఇంకేం కనబడదు, మీ ఊపిరి చప్పుడు మీకే పెద్దగా వినిపిస్తుంది, ఎక్కడో బోటు ఇంజను మోగుతుంటుంది కానీ ఏ వైపునుంచో తెలియదు, నీళ్ళలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లు పైగా వేగంతో పోతుంది కాబట్టి మన చెవులకు దిక్కు అందదు. ఆ తర్వాత కింద ఏదో నల్లగా, గోడలా. దగ్గరకు వెళ్తే ఇనుప రేకు. కానీ ఇనుము ఎక్కడా కనబడదు, అంగుళం ఖాళీ లేకుండా గుల్లలు పట్టేసి ఉంటాయి, వాటి మధ్య స్పాంజీలు, వాటి మీద పాకే చిన్న పీతలు. నేను ఒక రంధ్రం దగ్గర ఆగాను, అరచేయంత ఉంటుంది, ఒకప్పుడు ఏ గొట్టమో దూరిన చోటు. అందులోంచి వేలెడంత చేప తల బయటపెట్టి నన్ను చూసి లోపలికి పోయింది, నేను కదలకుండా ఉంటే మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. గేజి చూసుకునేసరికి ఆరు నిమిషాలు గడిచిపోయాయి. తక్కినవాళ్ళు ఓడ చుట్టూ తిరిగొచ్చారు, నేను ఆ రంధ్రం దగ్గరే ఉన్నాను. నాకు ఆ ట్రిప్ అంతా అదే.

ప్రశ్న: మా ఫ్రెండ్స్‌తో వెళ్ళి ఒకసారి డైవ్ చేశాను. నాలుగైదు మీటర్లకే చెవుల్లో సూదులు గుచ్చినట్టు నొప్పి. గైడ్ మాత్రం కిందికి రమ్మనే సైగ చేస్తున్నాడు. నేను బొటనవేలు పైకెత్తి ‘బాగానే ఉన్నాను’ అని చూపించాను, అతను నన్ను పైకి తీసుకొచ్చేశాడు! ఎందుకలా? సిలిండర్లో ఆక్సిజన్ సరిపోక చెవులు నొప్పి పుట్టాయా? – పర్లాకిమిడి నుంచి ఒక విద్యార్థి

జవాబు: ముందు సైగ సంగతి. నీళ్ళలో బొటనవేలు పైకెత్తితే ‘పైకి వెళ్దాం’ అని అర్థం. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఏదో తేడాగా ఉందంటే అరచెయ్యి చాపి అటూ ఇటూ ఊపి, ఆ తర్వాత ఎక్కడ బాగాలేదో అక్కడ చూపించాలి, మీ విషయంలో చెవి. మీ గైడ్ ఆ క్షణంలో సరిగ్గానే చేశాడు, మీకు తెలియకుండా మీ చేతే సరైన సైగ చేయించింది మీ అదృష్టం. కానీ దిగకముందు ఈ నాలుగు సైగలు ఒడ్డున నేర్పించలేదంటే అది తప్పే, ఇంకోసారి ఆ బృందంతో వెళ్ళకండి.

సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ కాదు బాబూ, మనం పీల్చే మామూలు గాలే, నొక్కి నింపుతారు. చెవి నొప్పికీ దానికీ సంబంధం లేదు. సముద్రం మీద మన ఒంటి మీద ఉండే గాలి బరువు ఒక వంతు అనుకుంటే, 10 మీటర్ల లోతుకు అది రెండు వంతులు, 20 మీటర్లకు మూడు. కర్ణభేరి వెనకాల ఉన్న గాలి దిగేకొద్దీ కుంచించుకుపోతుంది, చర్మం లోపలికి లాగబడుతుంది, అదే మీ సూదుల నొప్పి. ముక్కు మూసుకుని మెల్లగా లోపలికి ఊదితే గొంతు నుంచి చెవికి ఉన్న సన్నటి దారి తెరుచుకుని గాలి వెళ్ళి సమానమవుతుంది, ‘టక్’మంటుంది. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, తల నీళ్ళలో మునిగిన క్షణం నుంచి ప్రతి అడుగుకీ చేస్తూ పోవాలి. తెరుచుకోకపోతే ఒక మీటరు పైకొచ్చి మళ్ళీ ప్రయత్నించాలి. అప్పటికీ కాకపోతే ఆ రోజుకు డైవ్ అయిపోయినట్టే. గట్టిగా ఊదకండి, కర్ణభేరికే కాదు, లోపలి చెవికి దెబ్బ తగిలితే వినికిడి పోతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. నేర్చుకున్న కొత్తలో ఒకసారి కొద్దిగా ముక్కు దిబ్బడ ఉండగానే దిగాను, మాత్ర వేసుకుంటే తగ్గింది కదా అని. అందరూ కింద తాడు దగ్గర నాకోసం ఎదురుచూస్తున్నారు, నా ఒక్కదాని వల్ల ఆలస్యమవుతోందని సిగ్గుపడి నుదురు పగిలిపోతున్నా బలవంతంగా దిగాను. దిగగలిగాను కూడా. తిరిగి పైకి వస్తుంటే మాస్క్‌లో ముక్కు దగ్గర ఏదో చేరింది, చూస్తే ముదురు పచ్చగా ఉంది, నాచు నీళ్ళేమో అనుకున్నాను. బోటు మీద మాస్క్ తీసేసరికి ఎర్రటి నెత్తురు. ఎరుపు రంగు నీళ్ళలో అన్నిటికంటే ముందు మాయమైపోతుంది, కొన్ని మీటర్ల కింద నెత్తురు కూడా పచ్చగా కనబడుతుంది. మాత్ర ప్రభావం సగంలో తగ్గిపోయి, నుదుటి ఎముకల మధ్య ఇరుక్కున్న గాలి బయటికి పోలేక పొరలు చిట్లాయని తర్వాత చెవి ముక్కు గొంతు డాక్టరు చెప్పారు. మూడు వారాలు నీళ్ళ జోలికి వెళ్ళలేదు. అప్పుడు నాకు 39 ఏళ్ళు, మీకిప్పుడు 19. సిగ్గు అన్నది నీళ్ళలోకి తీసుకెళ్ళకండి. మీరూ ఒకసారి చెవులు చూపించుకుని, డాక్టరు సరేనన్నాకే మళ్ళీ దిగండి.

ప్రశ్న: మేము కోరాపుట్ నుంచి కుటుంబమంతా విశాఖ వస్తున్నాం. మొదటిరోజు పొద్దున డైవింగ్, మధ్యాహ్నం అరకు, అక్కడ పడుకుని మర్నాడు ఇంటికి. ప్లాను బాగుందా? – కోరాపుట్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: బాగాలేదండీ, తిరగేయండి. లోతున గాలి పీల్చినప్పుడు అందులో ఉండే నైట్రోజన్ మామూలుకంటే ఎక్కువగా ఒంట్లో కరుగుతుంది, పైకొచ్చాక గంటల తరబడి మెల్లగా బయటికి పోతుంది. అది పోకముందే ఎత్తుకు వెళ్తే, సోడా సీసా మూత తీసినట్టు ఒంట్లో బుడగలు కట్టొచ్చు. కీళ్ళ నొప్పులు, తిమ్మిర్లు, ఎప్పుడూ లేనంత నీరసం, ముదిరితే కాళ్ళు చచ్చుబడటం. విమానం సంగతి అందరూ చెబుతారు, ఒక డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగమని. కొండల సంగతి ఎవరూ చెప్పరు. 300 మీటర్లు దాటితే డైవింగ్ లెక్కలో అది ఎత్తే. మీరెక్కబోయే కొత్తవలస–కిరండూల్ లైనులో సిమిలిగుడ స్టేషన్ దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంది. కోరాపుట్ కూడా తక్కువేం కాదు. కాబట్టి వస్తూ వస్తూ అరకు చూసేయండి, తర్వాత విశాఖలో డైవింగ్, ఆ రాత్రి సముద్రం ఒడ్డునే పడుకుని మర్నాడు మధ్యాహ్నం తర్వాత కొండెక్కండి. మా బరంపురం వాళ్ళకు ఈ చిక్కు లేదు, సోంపేట, ఇచ్ఛాపురం మీదుగా దారంతా సముద్రం పక్కనే. కానీ మాలో ఎవరైనా ఆ వారంలో మహేంద్రగిరి ఎక్కుదామంటే మాత్రం వద్దంటాను, అది 1500 మీటర్లు.

ప్రశ్న: సొరచేపలు కరవవా? – ముగ్గురు నలుగురు అడిగారు

జవాబు: నేను మన వైపు ఇన్నేళ్ళుగా దిగుతున్నా ఒక్కటీ దగ్గరకు రాలేదు. జాగ్రత్త పడాల్సింది ముళ్ళున్న లయన్‌ఫిష్‌తో, రాయిలాగే కనబడే స్టోన్‌ఫిష్‌తో, ఓడ అంచుల మీద బ్లేడుల్లా ఉండే గుల్లలతో. దేన్నీ ముట్టుకోకపోతే ఏదీ ఏమీ చెయ్యదు.

ప్రశ్న: నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. విశాఖ దగ్గర ఘాజీని డైవింగ్ వాళ్ళు చూపిస్తారా? మీరు ఓడ లోపలికి దూరారా? మా తాతగారు గోపాలపురంలో ఓడెక్కి రంగూన్ వెళ్ళారు, మరి మన గంజాం తీరంలో మునిగిన ఓడలేవీ లేవా? – ఛత్రపురం నుంచి ఒక పెద్దాయన

జవాబు: ఘాజీని చూడలేమండీ. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ రేవు బయట మునిగిన ఆ పాకిస్తాన్ జలాంతర్గామి సుమారు 100 మీటర్ల లోతున ఉందనీ, మునిగిన జలాంతర్గాముల్లో చిక్కుకున్నవాళ్ళను కాపాడే వాహనంతో మన నౌకాదళం 2024లో దాన్ని గుర్తించిందనీ వార్తలొచ్చాయి. మాలాంటివాళ్ళకు 40 మీటర్లు ఆఖరి హద్దు, అదీ బాగా అనుభవం ఉన్నవాళ్ళకు. పైగా అందులో 90 మందికి పైగా మనుషులున్నారు. శత్రువులే కావచ్చు, అది వాళ్ళ సమాధి. మీకు జలాంతర్గామి చూడాలని ఉంటే ఆర్కే బీచ్‌లో కుర్సురా ఉంది, 1969 నుంచి 2001 వరకు మన నౌకాదళంలో పనిచేసింది, 2002 నుంచి మ్యూజియం. నెమ్మదిగా లోపలికి నడవండి, మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని ఆ దారులు, ఒకదాని మీద ఒకటి పేర్చిన పడకలు చూస్తే, మునిగిన ఓడను సరదా వస్తువులా చూడకూడదని నేనెందుకంటున్నానో మీకే తెలుస్తుంది.

ఓడ లోపలికి మేము దూరలేదు. దానికి వేరే శిక్షణ ఉంది, మాలో ఇద్దరికే ఉంది. లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న బురద ఉంటుంది, ఒక్కసారి కాలి రెక్క తగిలితే లేచిపోయి ఎదురుగా ఉన్న మీ చెయ్యే మీకు కనబడదు, తలెత్తితే పైన నీళ్ళు కాదు, ఇనుప కప్పు. ‘కొంచెం లోపలికి వెళ్ళి ఒక ఫొటో’ అన్నవాళ్ళు మాలోనూ ఉన్నారు, వద్దన్నాం.

మన తీరం సంగతి అడిగినందుకు సంతోషం. 1910లో గోపాలపురం దగ్గర సముద్రంలో నిప్పంటుకుని నాశనమైన ఆవిరి ఓడ ఒకటుంది, పేరు ‘చిల్కా’, మన చిలికా సరస్సు పేరే. మీ తాతగారిలా ఈ రేవుల్లో ఓడెక్కి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళు ఎంతమందంటే, కోరంగి రేవు పేరు మీద మనవాళ్ళందరినీ అక్కడ ‘కొరంగీలు’ అనే పిలిచేవాళ్ళు. ఆయన ఏ సంవత్సరంలో వెళ్ళారో, ప్రయాణం గురించి ఇంట్లో ఏమి చెప్పేవారో గుర్తున్నంత వరకు రాసి పెట్టండి, మనవలకు పనికొస్తుంది, వీలైతే నాకూ పంపండి.

ప్రశ్న: అడుగున దొరికిన గుల్లలు, పగడపు ముక్కలు ఇంటికి తెచ్చుకోవచ్చా?

జవాబు: వద్దు. పగడాలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులి ఉన్న జాబితా అది. ఖాళీ గుల్ల కూడా అక్కడ ఏదో ఒక పీతకు ఇల్లు. ఓడ ముక్కలు అసలే ముట్టుకోవద్దు.

ప్రశ్న: మాది గోపాలపురం, వేటకు వెళ్ళే కుటుంబం. వల రాళ్ళకు తగులుకుంటే నేను ఊపిరి బిగబట్టి ఏడెనిమిది బారలు దిగి విడిపించి వస్తాను. మీరేమో ‘ఊపిరి అస్సలు బిగబట్టకూడదు’ అని రాశారు. ఎవరిది తప్పు? ఈ పనిలో మాకు ఉద్యోగాలుంటాయా? టీవీలో చూపించే రంగుల పగడాలు మన దగ్గర ఎందుకు లేవు? – గోపాలపురం నుంచి ఒక తమ్ముడు

జవాబు: ఇద్దరిదీ తప్పు కాదు తమ్ముడూ. కానీ ఈ తేడా తెలియక ప్రాణాలు పోతాయి, అందుకని నిదానంగా చదువు, మీ వాళ్ళకూ చదివి వినిపించు. నువ్వు పైన ఊపిరి నింపుకుని దిగుతావు. 10 మీటర్లకు, అంటే అయిదున్నర బారలకు, నీ గుండెల్లో గాలి సగానికి కుంచించుకుపోతుంది, పైకొస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఎక్కువ కాదు. సిలిండర్ వాడేవాళ్ళు అదే లోతున గుండె నిండా గాలి పీలుస్తారు. అది ఊపిరి బిగబట్టి పైకొస్తే రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. అందుకే వాళ్ళు ఊపిరి ఆపరు, నిమిషానికి 9 మీటర్లకంటే వేగంగా పైకి రారు, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి మరీ వస్తారు. నీలాంటి ఈతగాడికి అసలు ప్రమాదం ఎక్కడంటే, సరదాకి ఎవరి సిలిండర్ లోంచో కింద ఒక్క గుక్క పీల్చి, అలవాటు ప్రకారం బిగబట్టి పైకి రావడం. ఎప్పుడూ చెయ్యకు. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌కు పైపు తగిలించి దిగడం కూడా వద్దు, అది పీల్చుకునే గాలి కాదు, నూనె ఆవిరి, ఇంజను పొగ కలుస్తాయి. నీ పద్ధతిలో దిగినా పైన బోటులో ఒకరు నిన్నే చూస్తూ ఉండాలి, దిగే ముందు గబగబా ఊపిరి తీసి వదలకు, అలా చేస్తే పైకి రావాలన్న కబురు మెదడుకు అందకముందే స్పృహ పోతుంది.

ఉద్యోగం ఉంటుంది. ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్, రెస్క్యూ, ఆ తర్వాత డైవ్‌మాస్టర్, ఇవీ వరసగా చెయ్యాల్సిన కోర్సులు. 18 ఏళ్ళు నిండాలి, డైవ్‌మాస్టర్ పూర్తయ్యేసరికి 60 డైవ్‌లు లెక్కలో ఉండాలి. డబ్బు ఖర్చే, అందుకని ముందు ఏదైనా డైవింగ్ సెంటరులో బోటు పనికి చేరి, పని చేస్తూ నేర్చుకునే వీలుందేమో అడుగు. సముద్రం తెలిసినవాడు వాళ్ళకూ కావాలి. చింతపల్లిలో మా బోటు నడిపింది నీలాంటి కుర్రాడే, నీటి రంగు చూసి ‘ఇంకో అరగంట ఆగితే తేట పడుతుంది’ అన్నాడు, ఆగాం, తేట పడింది.

పగడాల దిబ్బలు కట్టాలంటే తేటగా, ఉప్పు తగ్గకుండా, ఎండ అడుగుదాకా అందే నీళ్ళు కావాలి. మనకు అటు మహానది, గంగ, ఇటు గోదావరి, కృష్ణ, పక్కనే రుషికుల్య, ఇవన్నీ మంచినీళ్ళూ ఒండ్రుమట్టీ తెచ్చి పోస్తాయి. అందుకే పెద్ద దిబ్బలు అండమాన్‌లో, లక్షద్వీప్‌లో, మన్నార్ సింధుశాఖలో, కచ్‌లో ఉన్నాయి. మన దగ్గర ఆ పని రాళ్ళు చేస్తాయి, మునిగిన ఓడలు చేస్తాయి. ఇసుక అడుగున పట్టు దొరకని గుల్ల పిల్లకు ఇనుప రేకు దొరికితే చాలు, దాని వెంట చిన్న చేప, దాని వెంట పెద్ద చేప. నీ వల తగులుకునే చోట చేప ఎక్కువుంటుందని మీ నాన్నగారికి నాకంటే బాగా తెలుసు.

ఒక్క సంగతి మాత్రం నన్ను వదలట్లేదు. ఆ ఓడ వెనక భాగాన నీలం నైలాన్ వల ఒకటి తగులుకుని ఉంది, ఎవరో తెంచుకుని వదిలేసి పోయింది. అందులో ఒక పీత, కాళ్ళన్నీ చుట్టుకుపోయి. మాలో ఇద్దరం కత్తితో ఒక్కో పోగూ కోస్తూ కూర్చున్నాం, వల మాకే చుట్టుకోకుండా ఒకరు కోస్తుంటే ఇంకొకరు పట్టుకుని. పీతను వదిలించాం. వల తీయలేకపోయాం, సిలిండర్లలో గాలి 70 బార్‌కు తగ్గిపోయింది (బార్ అంటే మీ బార కాదు, గాలి ఒత్తిడి కొలత), 50 మిగిలి ఉండగానే బోటు మీద ఉండాలి. రుషికుల్య మొగ దగ్గర నవంబరు నుంచి మే వరకు వేట ఆపేది తాబేళ్ళ కోసమే కదా, ఆ నెలల్లో కూడా అడుగున తెగిన వల ఆగకుండా వేటాడుతూనే ఉంటుంది.

అందుకని నీకో పని. మీ నాన్నగారూ, మామయ్యా లైట్‌హౌస్‌నీ, కొండనీ, ఏ గుడి గోపురాన్నో ఒక వరసలోకి తెచ్చుకుని ఫలానా చోటని గుర్తు పెట్టుకుంటారు కదా, మీ వలలు ఎక్కడెక్కడ తగులుకుని తెగాయో వాళ్ళనడిగి ఆ గుర్తులు ఒక కాగితం మీద రాసి ఈ శీర్షికకు పంపు. నీళ్ళు తేటగా ఉండే రోజు చూసుకుని మా క్లబ్ వాళ్ళం గోపాలపురం వస్తాం, అనుమతులు మేము తెచ్చుకుంటాం, బోటు మీది. కత్తులూ, వల పైకి లేపే గాలి సంచులూ మావి.